రాయి కోసం నీల్ దీవికి

మా ఆయన బతికుండగా నన్ను ఎక్కడికీ తీసుకెళ్లలేదు. అరసవల్లి తీసుకెళ్తానని పెళ్లైన ఏడు మాటిచ్చాడు. ఆ మాట ఇప్పటికీ అలాగే ఉంది. పోయాక మాత్రం నన్ను అండమాన్ దాకా రప్పించాడు. నేను సంతకం వరకే చదువుకున్న మనిషిని. ఇది నోటితో చెప్పి రాయించింది. వెళ్లనివాళ్లకు పనికొస్తుందని చెబుతున్నాను. పనికిరాదనిపిస్తే మధ్యలో మానేయండి, నేనేమీ అనుకోను.

ఎందుకు వెళ్లానో ముందు చెప్పాలి. మాది కోటబొమ్మాళి దగ్గర, వరి పండించుకునే కుటుంబం. వానలు ఎగ్గొట్టిన ఏడు, భావనపాడు మనిషి అప్పన్నతో కలిసి మా ఆయన అండమాన్ వెళ్లి చేపల పడవలో కూలికి కుదిరాడు. గట్టు మీద నడవడం తప్ప ఏమీ రాని మనిషి పడవ ఎక్కాడు. నీల్ అనే దీవి దగ్గర గాలికి పడవ తిరగబడింది. అప్పన్న ఈదుకుని ఒడ్డు చేరాడు. మా ఆయన చేరలేదు. తరవాతైనా దొరకలేదు.

మాలో మనిషి పోతే ఆ మనిషి పేరున ఒక రాయి పెడతాం. దానికి నీళ్లు పోసి, అన్నం పెట్టి, పదో రోజున వంశధారలో వదిలేస్తాం. పోయినచోట నీళ్లలో కళ్లు మూసుకుని చెయ్యి ముంచితే మొదట చేతికి తగిలిందే ఆ మనిషి. బాగాలేదని రెండోది వెతకకూడదు. మా ఆయనకి అప్పుడు ఏటి ఒడ్డున దొరికిన రాయే పెట్టి కానిచ్చారు. ఆయన అన్న, మా బావ, దాన్ని ఏనాడూ ఒప్పుకోలేదు. "అది వంశధార రాయి. ఏట్లోది ఏట్లో ఏసేం. మావోడు ఇంకా దారిలోనే ఉన్నాడు" అనేవాడు. ఈ మధ్య బావకి ఒంట్లో బాగుండడం లేదు. పడవ ప్రయాణం ఆయనవల్ల కాదు. తను పోయేలోగా తమ్ముడి రాయి తన చేత్తో ఏట్లో వదలాలని పట్టుబట్టాడు. కాబట్టి నేను బయలుదేరాను. తోడుగా మా ఆయన అక్క, మా వదిన, వచ్చింది. ఆవిడ ఎక్కడికి తోడొచ్చినా రెండు మూటలు, ఒక గొడవ ఉంటాయి.

విశాఖ రేవు

రేవులో ఓడను చూసి వదిన కూలబడింది. మూడు కోటబొమ్మాళి స్టేషన్లు ఒకదానిమీద ఒకటి పెట్టినట్టుంది.

"ఒలే పైడీ, ఈ ఒడ్డునే ఓ రాయి ఏరేసి ఇంటికెల్లిపోదాం. రాయిమీద ఊరిపేరు రాసుంటాదేటి?"

"మరి మీ అన్నకి నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంతావా?"

"నువ్వే సెప్పు. నాకు అబద్ధమాడితే ఎక్కిళ్లొస్తాయి."

నాకు ఎక్కిళ్లు రావు గానీ బావ మొహం చూసి ఆ మాట చెప్పగలనా అంటే చెప్పలేను. ఓడ ఎక్కాం.

ఓడ మీద

అడుగు అంతస్తులో అరల్లాంటి పడకలు. మా చుట్టూ సగంమంది మనవాళ్లే. సోంపేట, పలాస, టెక్కలి, అన్ని యాసలూ వినబడ్డాయి. అండమాన్ అంటే పరదేశం అనుకున్నాను. ఓడలో ఉన్నంతసేపూ సంతకి వెళ్తున్నట్టే ఉంది, సంత మాత్రం ఊగుతోంది.

వదిన వాంతులు చేసుకుంటూనే చోడి అంబలి, అంటే రాగి అంబలి, కలుపుకుని తాగింది. తాగేసి, మిగిలిన ఊరగాయను ప్లాస్టిక్ సంచితో సహా సముద్రంలోకి విసిరింది. పక్కనే తుడుస్తున్న ఓడ మనిషి చీపురు ఆపాడు. అతనిది పలాస.

"ఏటమ్మా, మీ వాకిట్లో ఇలాగే ఇసురుతావేటి?"

"మా వాకిట్లో అయితే తుడిసేసుకుంతాను. ఇక్కడెవడు తుడుస్తాడు?"

"నానూ అదే అడుగుతన్నాను."

ఆ తర్వాత వదిన ప్రయాణం పొడుగునా ప్రతి సంచీ మడతపెట్టి రవికలో దోపుకుంది. నడుస్తుంటే గరగరమనేది.

పోర్ట్ బ్లెయిర్

ఊరు కొండల మీద ఉంది. ఎటు వెళ్లినా ఎక్కాలి, వచ్చేటప్పుడు దిగాలి. టీ కొట్టువాడు తెలుగులో అడిగి, హిందీలో పోసి, బెంగాలీలో చిల్లర ఇచ్చాడు. కొబ్బరిబొండం మన దగ్గరకంటే రెండింతల పైన చెప్పాడు. చుట్టూ కొబ్బరిచెట్లే, మరి ఇంత ధరేంటని అడిగితే, "సెట్టు ఇక్కడిదే తల్లీ, కొనేవోళ్లు ఇమానంలో వత్తన్నారు" అన్నాడు.

రేవు దగ్గర ఒక వ్యాను మనిషి మా వెంటపడ్డాడు. అడవిలో బట్టలు కట్టని మనుషులున్నారట, వాళ్లుండే దారిలో తీసుకెళ్తాడట, అదృష్టం ఉంటే కనబడతారట.

వదిన అడిగింది, "ఆలు మనల్ని రమ్మన్నారేటి?"

"లేదు."

"మరి మనం కనబడితే ఆలకేటొస్తాది?"

అతను ఇంకెవరినో వెతుక్కుంటూ వెళ్లాడు. నన్ను చూడడానికి ఎవరైనా టికెట్టు కొనుక్కుని మా వీధిలోకి వస్తే నేను తలుపేసుకుంటాను. అడవికి తలుపు లేదు కాబట్టి మనమే వెళ్లకుండా ఉండాలి. ఇందులో పెద్ద తెలివేమీ అక్కర్లేదు.

నీల్ దీవి

చిన్న ఓడలో నీల్ వెళ్లాం. దీవి అంటే ఇసుక, కొబ్బరిచెట్లు అనుకుంటారు. దిగి నాలుగడుగులు వేస్తే వరిమళ్లు! గట్లు, వంగతోట, ఆనపపాదులు. ఎప్పుడో బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడ్డ రైతులవి. గట్లు మనకంటే సన్నం. ఆవులు మనకంటే మర్యాదస్థులు. మా ఆయన ఇంతదూరం వచ్చి రోజూ వరిచేను చూస్తూ బతికాడన్నమాట. ఉత్తరాల్లో ఎప్పుడూ రాయించలేదు. రాయిస్తే, "అక్కడా వరేనా, ఇంటికి రా" అనేదాన్ని.

అప్పన్న రేవుకి వచ్చాడు. ఇప్పుడతనికి ఒక పడవ, ఇంటి వెనక యాత్రికులకి అద్దెకిచ్చే రెండు గదులు. నన్ను చూడగానే తలదించుకున్నాడు. తను బతికి మా ఆయన పోయాడని పదేళ్ల పైనుంచీ మోస్తున్నట్టున్నాడు.

"అప్పా, నాను..." అన్నాడు. మా వైపు అప్ప అంటే అక్క.

"ముందు మూట అందుకో తమ్మీ, చెయ్యి లాగేస్తన్నాది" అన్నాను. అందుకున్నాడు. దాంతో అతనికి కొంచెం తేలికైంది.

మూటలో భావనపాడు ఎండు మెత్తళ్లు ఉన్నాయి. చుట్టూ సముద్రం ఉన్న చోటికి ఎండుచేపలు మోసుకెళ్లినందుకు ఓడలో అందరూ నవ్వారు. అప్పన్న మాత్రం మూట విప్పి, వాసన చూసి, చాలాసేపు విప్పినచోటే కూర్చున్నాడు. ఆ పూట వంకాయ వేసి వండాడు. ఇక్కడి చేప బాగుంటుంది గానీ ఆవనూనెలో వేస్తారు. వదిన ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "సేపకి జలుబు సేసినట్టున్నాది" అంది.

గది ఇస్తూ అప్పన్న రెండు మాటలు చెప్పాడు. ఒకటి నీళ్ల సంగతి. ఎండల్లో దీవిలో నీళ్లుండవు, ఉన్న నూతినే అందరూ వాడుకోవాలి, మనిషికి బకెట్టు. రెండోది, "ఒడ్డుమీద ఏటీ తియ్యకండప్పా. గవ్వ, పగడపు ముక్క, రాయి కూడాను. రేవులో సంచులు ఎతుకుతారు. దొరికితే మీకు జరిమానా. ఎవరింట్లో దిగేరని నా పేరు రాసుకుంతారు. ఈ గదుల లైసెన్సే నాకు కూడు."

వదిన నా వైపు చూసింది. నేను ఆకాశం వైపు చూశాను. మేం రాయి కోసం వచ్చామని అతనికి చెప్పలేదు. నీళ్లు వదలడానికి వచ్చామనే చెప్పాం. అది సగం నిజం. మిగతా సగానికి నోరు రాలేదు.

లక్ష్మణపూర్ ఒడ్డు

పొద్దున్నే అప్పన్న మమ్మల్ని పడవ తిరగబడ్డ తీరానికి తీసుకెళ్లాడు. ఆటు వేళ, నీళ్లు వెనక్కి తగ్గి ఉన్నాయి. రాళ్లు రాళ్లుగా ఏదో పరుచుకుని ఉంది. వదిన కాలు పెట్టబోతే అప్పన్న పట్టుకుని ఆపాడు.

"రాయి కాదమ్మా. పగడం. పేణముంటాది. సిన్న సిన్న పురుగులు కట్టుకున్న ఊరది. తొక్కితే సచ్చిపోతాయి."

"రాయికి పేణమేటి?"

"మీరు రాయికి అన్నం ఎట్టరేటి?"

వదిన చెప్పులు విడిచి, అతను చూపించిన ఇసుక మీదే నడిచింది.

గంగమ్మకని నైలాను చీర, ప్లాస్టిక్ గాజులు తెచ్చాం. ఇవి నీళ్లలో కరగవు, తాబేలు మెడకి చుట్టుకుంటాయని అప్పన్న అన్నాడు. తాబేళ్లు మన భావనపాడు ఒడ్డుకీ వస్తాయి, వలల్లో చచ్చి కొట్టుకొచ్చినవి నేను చూశాను. వదిన ఆలోచించి పసుపు, అన్నం మాత్రం నీళ్లలో వదిలింది. చీర గంగమ్మకి చూపించి మళ్లీ మడతపెట్టింది. "సూసింది కదా, సాలు" అంది. ఆ చీర ఇప్పుడు ఆవిడే కడుతోంది.

అప్పన్న మర్యాదకి దూరంగా వెళ్లి కూర్చున్నాడు. నేను మోకాళ్లలోతు దిగి కళ్లు మూసుకున్నాను. ఏడుపొస్తుందనుకున్నాను. ముందు చలేసింది. అల వెనక్కి పోతుంటే తడి ఇసుకలో చెయ్యి పెట్టాను. గుప్పిటనిండా ఒకటి తగిలింది. కళ్లు తెరిస్తే రాయి కాదు, శంఖంలాంటి పెద్ద గవ్వ, మెలికలు తిరిగి, మచ్చలతో.

"రాయి తెమ్మంటే శంఖమొచ్చిందేటి?" అంది వదిన గుసగుసగా.

"మొదట తగిలిందే కదా మనిషి."

"ఆడూ అంతే. ఉప్పు తెమ్మంటే బెల్లం తెచ్చేవోడు."

తెల్లగుడ్డలో చుట్టి వదిన చేతికిచ్చాను. ఆవిడ దాన్ని ప్లాస్టిక్ సంచులున్న చోటే దాచుకుంది. వెనక్కి వస్తుంటే అప్పన్న నన్నడిగాడు, "మనసు కుదుటపడిందా అప్పా?" పడిందన్నాను. గుప్పిట్లో ఇసుక ఇంకా ఉంది.

మధ్యాహ్నం

కర్మకాండ నీళ్లు వదిలాక తలమీద నీళ్లు పోసుకోవాలి. మా ఊళ్లో అయితే బోరు వేసి, తడిసి, ఆ నీళ్లు మడికి వదులుతాం. అదే అలవాటులో బకెట్టు లెక్క మరిచి ఇద్దరం పోసుకున్నాం. పక్కగదిలో హైదరాబాద్ దంపతులున్నారు. కాసేపటికి లోపల్నుంచి ఆయన కేకలు. ఒంటినిండా సబ్బుతో ఉన్నాడట, కుళాయిలో నీళ్లు రావడం లేదట. అప్పన్న మా వైపు చూడకుండా పక్కింటినుంచి రెండు బిందెలు అడిగి తెచ్చాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. సాయంత్రం నేను గిన్నెలు తోమిన నీళ్లు అతని వంగమొక్కలకి మోశాను. దాంతో నూతిలోకి నీళ్లేమీ రాలేదు.

అన్నాలు తిని వదినా నేనూ గదిలో నడుం వాల్చాం. తెల్లగుడ్డ మూట మూల పెట్టాం. తలుపు తీసే ఉంది. నాకు కన్నంటుకుంటుండగా వదిన లేచి కూర్చుంది.

"ఒలమ్మో, ఒలమ్మో! తమ్ముడు ఎల్లిపోతన్నాడే!"

చూస్తే మూట నడుస్తోంది. గచ్చు మీద టకటకమంటూ, ఆగుతూ, మళ్లీ కదులుతూ, గుమ్మం వైపు. వదిన రెండు చేతులూ జోడించేసింది. నాకు భయం వెయ్యలేదు. బతికున్నప్పుడూ ఆయన పెట్టినచోట ఉండేవాడు కాదు.

కేకలకి అప్పన్న వచ్చాడు. మూట చూశాడు, మమ్మల్ని చూశాడు. వంగి గుడ్డ విప్పాడు. గవ్వలోంచి ఎర్రటి కాళ్లు, రెండు కళ్లు, పెద్ద డెక్క ఒకటి. పీత! వెలుగు చూడగానే అన్నీ లోపలికి లాక్కుని మూసేసుకుంది.

"ఎందుకు తీసేరప్పా?"

ఇక దాచేదేముంది, అంతా చెప్పేశాను. రాయి సంగతి, బావ సంగతి, మొదట తగిలిందే మనిషన్న సంగతి. అప్పన్న గుమ్మంలో కూర్చున్నాడు. కోపం వస్తుందనుకున్నాను.

"ఈ పీతకి ఒంటిమీద సిప్ప ఉండదప్పా," అన్నాడు. "సచ్చిపోయిన నత్తలు ఇడిసిన ఇల్లు ఎతుక్కుని అందులో దూరుతాది. పెరిగితే పెద్దిల్లు ఎతుక్కుంటాది. వచ్చినోళ్లు గవ్వలన్నీ ఏరుకుపోతన్నారు. ఇల్లు దొరక్క కొన్ని సీసా మూతల్లో దూరుతన్నాయి. నాను సూసేను."

"అద్దిల్లన్నమాట," అన్నాను.

"అద్దిల్లే."

"ఆయన ఇక్కడెక్కడుండేవాడు?"

"మేమిద్దరం రేవెనక రేకుల షెడ్డులో. అదీ మనది కాదు. ఎవలో ఇడిసేసి ఎల్లిపోయింది."

వదిన మధ్యలో దూరింది. "పీతని దులిపేద్దాం. దానికింకోటి ఎతికిద్దాం. శంఖం అట్టుకెల్దాం. అన్నయ్య మొహానికేటి సూపిత్తావే? మళ్లీ ఒచ్చే ఓపిక నీకుందా, నాకుందా? అన్నయ్యకి అంత టైముందా?"

అదీ నిజమే. బావ మొహం నాకు కనబడుతూనే ఉంది. రెండోది వెతకకూడదు. రేవులో దాటించేస్తామా అంటే, రవికలో గరగరల మధ్య దాటిపోతుందేమో కూడా. దొరికితే అప్పన్న కూడు పోతుంది. దొరక్కపోతే పీత ఇల్లు పోతుంది. నేను గవ్వని చేతిలోకి తీసుకున్నాను. లోపల కొంచెం కదిలింది.

"వదినా, మొదట చేతికొచ్చింది ఆయనే అనుకున్నాం కదా."

"అనుకున్నాం."

"ఆయనైతే ఇంట్లో ఒకరిని పెట్టుకుని ఉన్నాడు. వాళ్లని బయటికి దులిపి ఆయన్ని తీసుకెళ్తే ఊరుకుంటాడా? వానాకాలం మన పాకలోకి పాము వస్తే, అది పోయేదాకా అరుగుమీద పడుకున్న మనిషి."

వదిన ముక్కు చీదింది. "ఎదవ మంచితనం," అంది. "పద. ఎండ మండిపోతన్నాది, దానికి కాళ్లు కాల్తాయి."

ముగ్గురం మళ్లీ తీరానికి వెళ్లాం. చెయ్యి ముంచినచోటే తడి ఇసుకమీద పెట్టాను. నీళ్లలోకి పోతాడనుకున్నాను, సముద్రంలో పోయిన మనిషి కదా. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత ఒక్కో కాలూ బయటపెట్టి, సముద్రానికి వీపు తిప్పి, ఒడ్డుమీదికి నడిచింది. పైన మొగలి పొదలున్నాయి, మన భావనపాడులో ఉన్నట్టే. ఇసుకలో సన్నటి జాడ వదులుకుంటూ ఆ పొదల్లోకి వెళ్లిపోయింది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. అప్పన్నకి నాకంటే ముందే వచ్చింది.

తిరుగు రేవు

పోర్ట్ బ్లెయిర్ రేవులో సంచులు వెతికే అమ్మాయి మాట వినగానే తెలిసిపోయింది, వాళ్లవాళ్లు సోంపేట వైపువాళ్లని.

"గవ్వలేటైనా ఉన్నాయా పిన్నీ? ఉన్నోళ్లందరూ లేవనే అంతారు."

"ఒకటి దొరికిందమ్మా," అంది వదిన. "కాళ్లొచ్చి ఎల్లిపోనాది."

ఆ అమ్మాయి నవ్వలేదు. రెండు మూటలూ అడుగుదాకా విప్పింది. మెత్తళ్లు కట్టిన గుడ్డ, మాసిన బట్టలు, గంగమ్మ చూసిన చీర, మడతలు మడతలుగా ప్లాస్టిక్ సంచులు. ఇవెందుకని అడిగింది. ఇంటికెళ్లి పారేసుకుంటామని చెప్పాను. అప్పుడు నవ్వింది.

కోటబొమ్మాళి స్టేషన్

విశాఖలో దిగి రైలెక్కాం.

బావ ప్లాట్‌ఫారం మీదే ఉన్నాడు. చేతికర్ర, చంకలో కొత్త తెల్లబట్ట, సంచిలో బియ్యం, నువ్వులు. ఇంటికైనా వెళ్లకుండా తిన్నగా ఏటికే వెళ్దామని సిద్ధపడి వచ్చాడు.

"తెచ్చినావా అమ్మీ?"

లేదన్నాను. రైలు పోయేదాకా ఆగి అంతా చెప్పాను. అబద్ధం కలపలేదు, తగ్గించలేదు. బావ కర్రమీద బరువు మార్చుకుంటూ విన్నాడు.

"కళ్లు మూసుకునే తీసినావా?"

"మూసుకునే బావా."

"మొదట తగిలిందేనా?"

"మొదట తగిలిందే."

"నువ్వు తోసినావా, తనే నడిసినాడా?"

"తనే నడిసినాడు," అంది వదిన. "నాను సూసేనన్నయ్యా."

బావ పట్టాలవైపు చూస్తూ నిలబడ్డాడు. తిడతాడని కాచుకున్నాను.

"ఆ పొదల్లో... నీడుంటాదా?"

"మజ్జాన్నం కూడా సీకటిగా ఉంటాది బావా. సల్లగా ఉంటాది."

"అయితే మావోడు దారిలో లేడన్నమాట."

"లేడు బావా. దిగిపోయినాడు."

తలూపాడు. నా చేతిలోంచి మూట తీసుకోబోయాడు. నేనివ్వలేదు, కర్ర ఉన్న మనిషి. ఏటి దారి వదిలేసి ఇంటి దారి పట్టాడు. మేమిద్దరం వెనక నడిచాం. ఆ సంచిలో బియ్యం నేనే కడిగి పొయ్యిమీద పెట్టాను. వదిన చారు కాచింది. ముగ్గురం కూర్చుని తిన్నాం. బావ మారు అడిగి పెట్టించుకున్నాడు.